గుర్రాలు దిగని మడి

ఉక్కునగరం, సెక్టార్ ఐదు
జూన్ 11

దేవిశ్రీకి,

మీ వదిన చంద్రిక రాస్తున్నది. నేను ఈ ఇంటికి వచ్చిన పన్నెండేళ్లలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కంగారు పడకు, ఇంట్లో అందరూ బాగున్నారు. అత్తయ్య మోకాలి ఆపరేషన్ అయి ఇవాళ్టికి ఇరవై రోజులు. వాకర్ పట్టుకుని వంటింటి దాకా వస్తున్నారు. పోపులో ఆవాలు ఎక్కువయ్యాయని చెప్పి తిరిగి వెళుతున్నారు. అంటే కులాసాయే.

నువ్వు ఓడ నుంచి ఫోను చేసినప్పుడల్లా ముందు అత్తయ్య, తర్వాత మీ అన్నయ్య మాట్లాడతారు. నా వంతు వచ్చేసరికి లైను తెగిపోతుంది. అందుకని మీ అన్నయ్య దగ్గర ఓడ మెయిలు అడ్రసు తీసుకున్నాను.

అత్తయ్యను నీ గదిలోకి మార్చాం, బాత్రూము దగ్గరని. రోజుకి రెండుసార్లు ఆవిడ కాలు చాపి మడుస్తుంటే పక్కన కూర్చుని లెక్క పెట్టడం నా పని. లెక్కపెడుతూ ఊరికే కూర్చోలేక నీ పాత కంప్యూటరు వేశాను. అందులో ‘రివర్స్ అండ్ రాజాస్’ అని ఒక ఆట ఉంది. నిన్ను అడగకుండా తీశాను. తప్పయితే చెప్పు, ముట్టుకోను.

తప్పు కాదంటే మాత్రం ఒక సందేహం. నేను ఈజిప్టును ఎంచుకున్నాను. నది పక్కన ఊళ్లు, రాతి కట్టడాలు తొందరగా లేస్తాయి, చూడముచ్చటగా ఉంది. నూట నలభయ్యో టర్నులో ఉత్తరం నుంచి మంగోలులు గుర్రాల మీద వచ్చి అన్నీ తొక్కేశారు. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ వచ్చారు. మూడోసారి అత్తయ్య కాలు మడవడం ఆపేసి తెర వైపు చూశారు.

“ఏటే, ఆ గుర్రాలోళ్లు మళ్లీ వచ్చేసినారేటి?”

“వచ్చేశారండి.”

“నువ్వేటి సేత్తన్నావు మరి? గుడి కడతన్నావా? ఇంటి మీదకి దొంగలొత్తంటే గుడేటే!”

బలం తక్కువ ఈజిప్టుకా, నాకా? అది తెలిస్తే చాలు.

మీ వదిన
చంద్రిక


గ్లాడ్‌స్టన్ లంగరు, ఆస్ట్రేలియా
జూన్ 20

చంద్రిక వదినగారికి,

మీ ఉత్తరం బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, డ్యూటీలో ఉండగా వచ్చింది. సబ్జెక్టులో ‘ఇంటి నుంచి’ అని చూసి, అమ్మకేమైనా అయిందేమోనని గబగబా తెరిచాను. చివరికి మంగోలులని తెలిసి గట్టిగా నవ్వేశాను. పక్కన చుక్కాని పట్టుకున్న మనిషి ఉలిక్కిపడ్డాడు.

తప్పేమీ లేదు, ఆడుకోండి. ఆ కంప్యూటరు ఇంకా నడుస్తోందంటేనే ఆశ్చర్యం. నా లాప్‌టాప్‌లో కూడా అదే ఆట ఉంది. ఇక్కడ బొగ్గు ఎక్కించుకోవడానికి మా వంతు రావాలంటే ఇంకో ఆరు రోజులు. బయట నలభై ఓడలు వరసలో ఉన్నాయి. చేయడానికి రంగులు వేయడం, తుప్పు గోకడం తప్ప పని లేదు.

మీ సందేహానికి జవాబు. ఈజిప్టు బలహీనమైనది కాదు. దాని బలం నది, రాయి. నూరు టర్నుల వరకూ దాన్ని మించింది లేదు. కానీ గుర్రం ఒక్క టర్నులో నాలుగు గడులు దాటుతుంది, ఈజిప్టు కాలిబంటు ఒకటే. రోముకి రోడ్ల బలం; సైన్యం రెండింతలు నడుస్తుంది, ఊళ్లు పెద్దవైతే మాత్రం జనం తిరగబడతారు. హిట్టైట్లకి అందరికంటే ముందు ఇనుము వస్తుంది, కానీ దగ్గర్లో ఇనుప గని లేకపోతే వట్టి చేతులే. ఫినీషియన్లు రేవుల వాళ్లు. తీరం దొరికితే మహారాజులు, లోపలి భూమిలో బిచ్చగాళ్లు. ఖ్మేర్ వాళ్లు చెరువులు తవ్వుతారు, వరి బాగా పండుతుంది, యుద్ధం రాదు. నేను ఎప్పుడూ పాలినేషియన్లనే తీసుకుంటాను. అందరూ నూట యాభై టర్నులు ఆగి సముద్రం దాటితే, వాళ్లు మొదటి టర్నులోనే దాటగలరు.

ఏది గొప్పదో ఊరికే చెబితే తేలదు. మ్యాపు నంబరు 4417 అని కొట్టండి. నేనూ అదే కొడతాను. ఇద్దరికీ ఒకే నేల, ఒకే శత్రువులు. నాలుగు మహాకట్టడాలు ఎవరు తక్కువ టర్నుల్లో పూర్తి చేస్తే వాళ్ల నాగరికత గెలిచినట్టు. సరేనా?

అమ్మని మెట్లెక్కనివ్వకండి.

దేవిశ్రీ
సెకండాఫీసర్, ఎం.వి. సాగరమైత్రి


ఉక్కునగరం
జూలై 14

దేవీ,

4417 మన జిల్లాలాగే ఉందే! తూర్పున సముద్రం, పడమట కొండలు, మధ్యలో చిన్న చిన్న నదులు. అది చెప్పగానే ఇంట్లో అందరికీ ఆశ పుట్టింది.

మీ అన్నయ్య బి-షిఫ్టు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, “ఇనుమున్నోడిదే రాజ్యం, ఇంకేటి ఆలోసించేది?” అని హిట్టైట్లను తీసుకున్నారు. స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోకు ఓవెన్లలో పనిచేసే మనిషి ఇంకేం తీసుకుంటారు? గని దొరికింది. కత్తులు చేసి పక్కవాళ్లందరితో కయ్యం పెట్టుకున్నారు. కట్టడాలు పూర్తయ్యేసరికి 352 టర్నులు.

అత్తయ్య ఫినీషియన్లు. మౌసు నాది, మాట ఆవిడది. “కొట్టుకోడం కంటే అమ్ముకోడం మేలు కాదేటి? పద, ఆ దీవోడికి ఉప్పు తీసుకెళ్లు.” ప్రతి రాజుతోనూ ఒప్పందం. మంగోలులకు కూడా ఉప్పే అమ్మారు. 331. మీ అన్నయ్య లెక్క మళ్లీ చూడమన్నారు.

నేను ఖ్మేర్ తీసుకున్నాను. నువ్వు ‘యుద్ధం రాదు’ అని రాశావు కదా, నాకూ రాదు. ఆనందపురంలో మా నాన్న చలమయ్యగారి పూలతోట పక్కనే రెండు మడులు వరి ఉండేది. చెరువు, మడి అంటే నాకు తెలిసిన విషయం. మొదటిసారి 338 వచ్చింది. మంగోలులు రెండు ఊళ్లు తీసుకుపోయారు.

రెండోసారి ఆడుతుంటే, అదే ఉత్తరపు సరిహద్దు దగ్గర ఏం చేయాలో తోచక ఆగిపోయాను. అత్తయ్య ఊరికే అన్నారు: “అక్కడ మడి సెయ్యి.”

“సరిహద్దులో మడి ఏమిటండీ?”

“దమ్ము సేసిన మడిలోకి దిగడానికి ఎద్దే ఆలోసిత్తాది. గుర్రమేటి దిగుతాది? సూడు.”

చెరువు తవ్వితే దాని చుట్టూ ఆరు గడులు తడి నేల అవుతుంది. పంట కోసమే అనుకున్నాను ఇన్నాళ్లూ. నాలుగు చెరువులు ఉత్తరాన వరసగా తవ్వాను. నూట నలభయ్యో టర్నుకి మంగోలులు వచ్చారు. తడి గడిలో గుర్రానికి ఒక్క అడుగే పడుతోంది! తేలిగ్గా నాలుగు గడులు దూకేవాళ్లు బురదలో నత్తల్లా పాకుతున్నారు. కొండ మీద పెట్టిన ఆరుగురు విలుకాళ్లు సరిపోయారు వాళ్లకి. అత్తయ్య చప్పట్లు కొట్టారు. ఆపరేషన్ అయ్యాక ఆవిడ అంత గట్టిగా నవ్వడం ఇదే.

287 టర్నులు. నీ పాలినేషియన్లు ఎంత?

చంద్రిక


మకస్సార్ జలసంధి
ఆగస్టు 5

వదినా,

304.

పన్నెండేళ్లుగా ఆడుతున్నాను. చెరువును గోడలా వాడొచ్చని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. మీ ఉత్తరం చదివి ఖ్మేర్‌తో నేనూ ఆడాను, మీరు చెప్పినట్టే. 291. అంటే నాగరికతా మీదే, చెయ్యీ మీదే. ఒప్పుకుంటున్నాను.

ఈ విషయం భోజనాల గదిలో చెప్పడం నా పొరపాటు. మా బోసన్, అంటే డెక్కు పనివాళ్ల మేస్త్రి, రమోన్ అని ఫిలిప్పీన్స్ ఆయన, నలభై ఏళ్లుగా ఓడల్లో ఉన్నాడు. వరి పండించే ఇంట్లోంచే వచ్చాడట. ‘గేదెలున్నవాడికి ఇది ఎప్పుడో తెలుసు’ అని ఎగిరి గంతేశాడు. ఇప్పుడు ఐదుగురు 4417 ఆడుతున్నారు. గోడ మీద పలక కట్టి పేర్లు రాశారు. పైన ‘మేడమ్ ఖ్మేర్ – 287’. మీరెవరో నేను చెప్పలేదు. రహస్యం బాగుందిలే అని. కెప్టెన్‌గారు కొంకణం ఆయన, గంభీరమైన మనిషి. రోముతో 296 దాకా వచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

సముద్రం నూనె పోసినట్టు ఉంది. డ్యూటీ అయ్యాక డెక్కు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

నాకు ఈ ఆట ఎలా అంటుకుందో మీకు గుర్తుందా? ఇంటర్ అయిన ఏడాది. నాటికల్ సైన్సులో చేరతానంటే నాన్న సరేనన్నారు. ఫారం పంపాల్సిన మూడు రోజుల ముందు ఉన్నట్టుండి వద్దన్నారు. ఆ ఏడాదంతా గది తలుపు వేసుకుని ఇదే ఆడాను. మరుసటి ఏడాది మళ్లీ ఆయనే సరేనన్నారు. ఎందుకు వద్దన్నారో, ఎందుకు మళ్లీ ఒప్పుకున్నారో ఇప్పటికీ తెలియదు. ఆయన ఉన్నప్పుడు అడగాలనుకునేదాన్ని. ఎప్పటికప్పుడు వచ్చే సెలవుకి అడగవచ్చులే అనుకుంటూ ఉండగానే ఆయన వెళ్లిపోయారు.

పాలినేషియన్లనే ఎందుకు తీసుకుంటావని రమోన్ అడిగితే ఇదంతా గుర్తొచ్చింది. ఎవరినీ అడగకుండా మొదటి టర్నులోనే బయలుదేరిపోవచ్చు కదా, అందుకు.

అమ్మకి చెప్పండి, మంగోలులకు ఉప్పు అమ్మిన మనిషిని మా ఓడలో లెక్కలు చూసే పర్సరుగా పెట్టుకుంటారట.

దేవి


ఉక్కునగరం
ఆగస్టు 16

దేవీ,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. ఇందులో ఆట గురించి ఏమీ ఉండదు.

మావయ్య ఎందుకు వద్దన్నారో నాకు తెలుసు. నేనే వద్దన్నాను.

అప్పటికి నేను ఈ ఇంటికి వచ్చి నాలుగు నెలలు. మావయ్య వరండాలో కూర్చుని నీ ఫారం చూస్తున్నారు. నేను కాఫీ ఇచ్చి వెళ్లిపోతుంటే పిలిచారు. “అమ్మా చంద్రికా, నువ్వు సదువుకున్నదానివి. ఈ గుంటని ఓడెక్కించమంటావా, ఏటంటావు?” అని అడిగారు. ఆయన ఇంట్లో ఎవరినీ అలా అడగరు. నన్ను అడిగారు.

నేను ఏమన్నానో అక్షరం అక్షరం గుర్తుంది. “ఆడపిల్ల ఓడెక్కితే రేపు సంబంధాలు రావు మావయ్యా. పోయాక తిరిగి తెచ్చుకోలేం” అన్నాను. ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు.

సంబంధాల గురించి నాకు ఏ దిగులూ లేదు. అది సాకు. నా సంగతి నీకు తెలియదు. బీఎస్సీ లెక్కల్లో మా కాలేజీకి మొదటిదాన్ని. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అదే నెలలో పెళ్లి కుదిరింది. సీటు వదిలేసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ ఉంచుకోమనీ అనలేదు. నువ్వు ఆ ఫారం పట్టుకుని ఇల్లంతా గెంతుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. నాకు లేనిది నీకెందుకు అనిపించింది. అంతే. దానికి ఇంకో మంచి పేరు వెతికాను గానీ దొరకలేదు.

నువ్వు తలుపు వేసుకున్నాక నాకు భయమేసింది. మరుసటి ఏడాది మావయ్య దగ్గరకి నేనే వెళ్లి, అప్పుడు తప్పు చెప్పాను, పంపించండి అన్నాను. ఆయన, “సరే, ఈ సంగతి దానికి సెప్పకు” అన్నారు. చెప్పలేదు. అది నీ కోసం అన్నారో, నా కోసం అన్నారో తెలియదు. పన్నెండేళ్లూ ఆ మాట చాటున దాక్కున్నాను.

నీ ఏడాది నేను తీసుకున్నాను. తిరిగి ఇవ్వలేనిది. తెలిసి ఊరుకుని నీతో ఖ్మేర్ గురించి కబుర్లు రాయడం ఇక నా వల్ల కాదు.

చంద్రిక


ఉక్కునగరం
సెప్టెంబరు 28

(అత్తయ్య చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఒక్క మాట కూడా మార్చకూడదని ఒట్టు వేయించుకున్నారు. – చంద్రిక)

ఒలే దేవీ, నాను మీ యమ్మని, సన్యాసమ్మని. నెలన్నరయ్యింది నీ కాడి నుంచి ఉత్తరం లేదు. ఫోను సేసినప్పుడు ఓడ బాగుంది, నాను బాగున్నాను అంటన్నావు, పెట్టేత్తన్నావు. ఓడ గురించి నానడిగినానేటి?

కాలు బాగుంది. వాకర్ వదిలేసినాను. ఇప్పుడు కర్రే. సాయంత్రం సెక్టారు పార్కు దాకా నడుత్తన్నాను.

ఈ పిల్లకేటయిందో తెలీదు. కంప్యూటరు ముయ్యలేదు గానీ ఆడదు. అలా సూత్తా కూర్సుంటాది. అన్నం ముద్ద సేతిలో పట్టుకుని ఆలోసిత్తాది. నీకేదో రాసిందట. ఏటి రాసినావే అంటే సెప్పదు. రాయి, ఆపకు, నీ గురించే సెప్తన్నాను, రాయి. మీ అన్న అడిగితే సెప్పదు. నాకు సెప్పకపోతే పోనీ. మీ ఇద్దరి మజ్జ ఏటున్నా నాకు అక్కర్లేదు.

నీకు కోపమొత్తే కోపంగా రాయి. తిట్టాలంటే తిట్టు. ఉత్తరం రాకపోడం అన్నది మంచిది కాదు. తిడితే మనిసి అన్నం తింటాది, ఊరుకుంటే తినదు.

ఇంకోటి. నాను మళ్లీ ఆడతన్నాను, పక్క క్వార్టర్స్ నీలిమ మౌసు పడతాది. 318 వచ్చింది. అదీ రాయి.

ఉంటాను.


గంగవరం వెళ్లే దారిలో, బంగాళాఖాతం
అక్టోబరు 9

వదినా,

అమ్మ ఉత్తరం, నీ చేతిరాతే కనబడుతున్నట్టు చదివాను. ‘రాయి, ఆపకు’ దగ్గర నువ్వు ఎలా ఆగి ఉంటావో తెలిసింది.

కోపం వచ్చింది. దాచను. మొదటి పది రోజులు నీ ఉత్తరం తెరిచి మళ్లీ మళ్లీ చదివి మూసేశాను. అన్నిటికంటే ఎక్కువ కోపం దేని మీద వచ్చిందో చెప్పనా? టీ మీద. ఆ ఏడాది నేను తలుపు వేసుకుని ఉంటే, నువ్వు రోజూ నాలుగింటికి గుమ్మం దగ్గర టీ గ్లాసు పెట్టి, తలుపు మీద ఒక్కసారి తట్టి వెళ్లిపోయేదానివి. ఈ ఇంట్లో నా మీద దయ ఉన్నది కొత్తగా వచ్చిన ఈవిడకే అనుకునేదాన్ని. అది దయ కాదు, తప్పు చేసిన భయమా అని కోపం. చాలా రోజులు దాన్నే నమిలాను. ఆఖరికి, రెండూ అయ్యుండొచ్చులే అనిపించింది. టీ మాత్రం బాగుండేది.

ఇంకో సంగతి నేనూ చెప్పాలి. నీ పుస్తకాల అట్టపెట్టె నా గదిలో మంచం కింద పెట్టారు, గుర్తుందా? చోటు చాలడం లేదని గొడవ చేసి దాన్ని అటక ఎక్కించింది నేను. ఎక్కించే ముందు తెరిచి చూశాను. యూనివర్సిటీ సీటు కాగితం పైనే ఉంది. చదివాను. ‘ఈవిడకి ఇష్టం లేదు కాబోలు, మానేసింది’ అనుకుని మూత పెట్టేశాను. పద్దెనిమిదేళ్ల దాన్ని, నా ఫారం తప్ప లోకంలో ఇంకో కాగితం ఉందని తోచలేదు. ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

నాన్న ఎందుకు చెప్పొద్దన్నారో నాకు అర్థమైంది అనుకుంటున్నాను. ఆయనకి ఇద్దరూ కావాలి. అంతే.

ఆ ఏడాది పోతే పోయింది వదినా. దాన్ని మంచికే అయిందని నేను అనను, నువ్వూ అనకు. కానీ నాకు ఒకటి కావాలి. కాదనకూడదు.

మా ఓడ ఈసారి వచ్చేది ఇంటికే. మళ్లీ గ్లాడ్‌స్టన్ వెళ్లి ఎక్కించుకున్న కోకింగ్ బొగ్గు గంగవరం రేవులో దింపుతాం. వంతు దొరికి రేవుకి వచ్చేసరికి నెల పట్టేలా ఉంది, బయటే లంగరు వేసి ఉంటాం. అన్‌లోడింగుకి మూడు రోజులు. డ్యూటీలు వరసగా ఉన్నాయి, నేను ఇంటికి రాగలిగేది ఒక్క పూట. దానికంటే ముందు నువ్వు రా. ఇంటివాళ్లకి ఇద్దరికి పాసు ఇస్తారు. అన్నయ్యతో కలిసి వచ్చి ఈ ఓడ ఎక్కు.

చీర వద్దు. నిచ్చెన ఎత్తుగా ఉంటుంది. బూట్లు వేసుకో.

దేవి

తా.క. కెప్టెన్‌గారు 289. పలక మీద నీ పేరు ఇంకా పైనే ఉంది.


ఉక్కునగరం
నవంబరు 25

దేవీ,

నువ్వు చూసిందే నీకు రాస్తున్నానని నవ్వకు. నేను నిచ్చెన ఎక్కుతున్నప్పుడు నువ్వు రెండో బొగ్గు గది హాచ్ దగ్గర లెక్క చూసుకుంటున్నావు. ఆ భాగం నీకు తెలియదు.

పక్క నీలిమ దగ్గర బూట్లు అడిగి తెచ్చుకున్నాను, ఒక సైజు పెద్దవి. రేవు గేటు దగ్గర హెల్మెట్, పసుపు జాకెట్ ఇచ్చారు. ఓడ దగ్గరికి వెళ్లి తల వెనక్కి వంచినా పైకొస కనబడలేదు. సినిమాల్లో చూసినట్టు ఉంటుందనుకున్నాను. ఇది మన సెక్టారులో వీధి మొత్తం లేపి నిలబెట్టినట్టుంది. పైనుంచి ఇనుప పంజాల్లాంటి గ్రాబులు దిగి, ఒక్కో పట్టుకి ఒక ఇల్లంత బొగ్గు ఎత్తుతున్నాయి. మీ అన్నయ్య నన్ను మర్చిపోయి అటే చూస్తూ నిలబడిపోయారు.

“ఇదంతా మా ఓవెన్లకే చంద్రికా! ఈ నెల్లో నాను తోసే బొగ్గు ఇదే. నా సెల్లి తెచ్చింది!” అని పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని క్రేన్ ఆపరేటరుకి చెబుతున్నారు.

నిచ్చెన ఊగుతుంది. అది నువ్వు రాయలేదు. నలభై మెట్ల దాకా లెక్కపెట్టాను, లెక్కలే నాకు ధైర్యం. తర్వాత కింద నీళ్లు కనబడి ఆగిపోయాను. ముందుకీ వెళ్లలేను, వెనక్కీ రాలేను. పై నుంచి తెల్ల జుట్టున్న ఒకాయన వంగి చూశాడు. రమోన్ అని అప్పుడు తెలియదు. చెయ్యి చాపి, వచ్చీరాని హిందీలో, “కింద చూడకండి మేడమ్ ఖ్మేర్, నన్ను చూడండి” అన్నాడు. నేనెవరో నువ్వు చెప్పేశావన్నమాట, నవ్వొచ్చింది. నవ్వులో మిగిలిన మెట్లు ఎక్కేశాను.

తర్వాత నీకు తెలిసిందే. మెస్సులో ఆ పలక కింద నన్ను కూర్చోబెట్టడం, కెప్టెన్‌గారు కొత్త మ్యాపు వేసి, చాలా మర్యాదగా, మంగోలులను తీసుకోవడం. మధ్యలో నువ్వు హెల్మెట్‌తో వచ్చి, మొహమంతా బొగ్గుతో, నా వెనక నిలబడ్డావు. ఎవరికి సలహా చెప్పకుండా ఉండడానికి పెదవి కొరుక్కున్నావో నేను చూశాను. ఆయన బురద చుట్టూ తిరిగి కొండల మీదుగా వస్తారని నేను ఊహించలేదు. వంద టర్నులకే నా రెండో ఊరు పోయింది. ఓడిపోవడం అంత సరదాగా ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. చెరువు గోడగా పనికొస్తే, గోడ పక్కన సందు వదిలేది కూడా అదే. ఇప్పుడు కొండల దారిలో ఏం చేయాలో ఆలోచిస్తున్నాను. మీ అమ్మగారికి ఒక ఉపాయం ఉందట, మీ కెప్టెన్‌కి చెప్పనంటే చెబుతానంటున్నారు.

బ్రిడ్జి మీద నుంచి నువ్వు మన ఊరు చూపించావు. చిమ్నీలు, అటు కొండ, ఇటు సెక్టార్ల చెట్లు. నేను పన్నెండేళ్లుగా ఉన్న చోటు అటు వైపు నుంచి అలా ఉంటుందని తెలియదు. చాలాసేపు చూశాను.

అసలు రాయాల్సింది ఇది. దిగే ముందు, నిచ్చెన దగ్గర, నువ్వు ఒక మాట అడిగావు. గ్రాబుల చప్పుడులో వినబడలేదని సైగ చేశాను. వినబడింది.

“నాన్న ఇప్పుడు అడిగితే ఏమంటావు వదినా?” అని అడిగావు.

‘పంపించండి’ అంటాను అని రాస్తే నువ్వు సంతోషిస్తావు. కానీ అది సగమే. ఆ మాట మరుసటి ఏడాది అన్నాను కదా. అన్నా నా మనసు తేలిక పడలేదు. ఇప్పుడు అడిగితే, “దాన్ని పంపించండి మావయ్యా, నా చదువు కూడా పోనివ్వకండి” అంటాను. ఆ రెండో మాట ఆ రోజు వరండాలో నా నోట వచ్చి ఉంటే, మొదటి మాట అలా వచ్చేది కాదు. మావయ్య కాదనేవారు కూడా కాదేమో. నేను అడగకుండానే, ఆయన కాదన్నట్టు ఆయన మీద కోపం పెట్టుకున్నాను, అది నీ మీద తీర్చుకున్నాను.

అటక మీద నుంచి పెట్టె మీ అన్నయ్య దింపారు. సగం పుస్తకాలు చెదలు తినేశాయి. మిగిలినవి ఎండలో పెట్టాను. ఇంటి దగ్గర నుంచే చదువుకునే పద్ధతిలో ఎమ్మెస్సీ లెక్కలు ఉందట, నీలిమ ఫారం తెచ్చిపెట్టింది. నిన్న నింపాను. ‘చివరిగా చదివిన సంవత్సరం’ దగ్గర కాసేపు ఆగాను, తర్వాత రాసేశాను.

నువ్వు ఆ పూట ఇంటికి వచ్చినప్పుడు ఈ ఫారం బీరువాలోనే ఉంది, చెప్పలేదు. నింపాక చెబుదామని.

ఫొటో అంటించి అత్తయ్యకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి నడిచి వెళ్లి, వెలుతురులో పెట్టి చూశారు.

“ఇదేటే, ఫొటోలో ఏడుపు మొహం పెట్టినావు? సదువుకోడానికి ఎల్తన్నావా, సావుకి ఎల్తన్నావా? పీకీ. నవ్వుతా ఇంకోటి తీయించుకో.”

పీకేశాను. ఎండ తగ్గాక కూర్మన్నపాలెం వెళ్లి ఇంకోటి తీయించుకుంటాం. ఆవిడ కూడా వస్తానంటున్నారు, నవ్వానో లేదో దగ్గరుండి చూడాలట.

నీ వదిన
చంద్రిక